పైపుకి కొమ్ము ఊడింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఉత్తరాల పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘ఉత్తరాలు యూనికోడ్‌లో టైప్ చేసి మెయిల్ చెయ్యండి’ అని వేస్తారు కదా (యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ ఒక్కోదానికి ఒక నంబరిచ్చే పట్టిక), ఆ లైను చూసి చూసి ఇన్నాళ్ళకి ఇది రాయాలనిపించింది. నేను కాకినాడలో ఇంటి నుంచే పని చేసుకునే ప్రోగ్రామర్ని, పదహారేళ్ళుగా నా పనిలో సగం ఇదే, ఎక్కడెక్కడి నుంచో వచ్చే మెయిల్స్‌ని ప్రోగ్రాముతో చదివించి ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, ఏం రాశారు అని విడదీసి డేటాబేస్‌లో పెట్టడం. దీన్ని మా వాళ్ళు పార్సింగ్ అంటారు. బోరు కొట్టే సబ్జెక్టు అని పేజీ తిప్పెయ్యకండి, దీని వల్ల మా మావయ్య వీధిలో పది రోజులు కారిన నీళ్ళు ఇంకో ఇరవై రోజులు కారాయి.

మావయ్య రిటైరైన తెలుగు మాస్టారు. వాళ్ళ వీధిలో మంచినీళ్ళ పైపు పగిలితే ఊరి ఆఫీసుకి కంప్లైంట్ మెయిల్ పెట్టారు, ఫోన్లోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ గంటసేపు టైప్ చేసి. ఏ ఆఫీసో చెప్పను, దాని పేరుతో ఇక్కడ పని లేదు, ఇలాంటివి చాలా ఉన్నాయి. సబ్జెక్టు లైను ఇది: ‘మా వీధి నీళ్ళ పైపు పగిలి పది రోజులైంది’. పంపిన నిమిషానికి ఆటోమేటిక్ జవాబొచ్చింది, మీ ఫిర్యాదు అందింది, నంబరు ఇది, విషయం ఇది అని. ఆ విషయం అన్నచోట ఈక్వల్ టు గుర్తు, ప్రశ్న గుర్తు, యూటీఎఫ్ 8, మళ్ళీ ప్రశ్న గుర్తు, బి, ఇంకో ప్రశ్న గుర్తు, ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఓ అరవై. నాలుగో రోజు ఇంకో మెయిల్ వచ్చింది, ‘వివరములు స్పష్టముగా లేనందున ఫిర్యాదు ముగించడమైనది’ అని.

ఆయన నాకు ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ‘ఒరేయ్, నా ఫోనుకి ఏదైనా పురుగు పట్టిందంటావా?’

వెళ్ళి చూశాను. జీమెయిల్‌లో మూడు చుక్కలు నొక్కితే ‘షో ఒరిజినల్’ అని ఒకటుంటుంది, కంప్యూటర్లో తెరిస్తే కనిపిస్తుంది, అది నొక్కితే మెయిల్ అసలు రూపం బయటపడుతుంది. దాన్నే రా మెయిల్ అంటాం అన్నాను. ‘రా అంటే వచ్చే మెయిలేంట్రా’ అన్నారు. పచ్చిది మావయ్యా, వండకముందుది అని చెప్పాల్సొచ్చింది. మనకి స్క్రీన్ మీద బొమ్మలతో రంగులతో కనిపించేది వండి వడ్డించింది, లోపల ఉండేది మొత్తం ఒట్టి టెక్స్ట్, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునేంత సాదా సీదా టెక్స్ట్. చిక్కంతా అక్కడే, చూడ్డానికి అంత తేలిగ్గా ఉంటుంది కాబట్టే ప్రతి కుర్రాడూ (ఒకప్పుడు నేను కూడా) ఇదేముంది నాలుగు లైన్ల కోడ్‌తో విడగొట్టేస్తా అనుకుంటాడు.

పైన హెడర్లుంటాయి, ఒక్కో లైనుకి ఒక పేరు, కోలన్, విలువ: ఫ్రమ్, టు, డేట్, సబ్జెక్ట్ అలా. తర్వాత ఒక ఖాళీ లైను. ఆ ఖాళీ లైను కింద నుంచి బాడీ, అంటే అసలు ఉత్తరం. పాత రోజుల్లో ఉత్తరానికి కుడి చేతి పైమూల ఊరు, తేదీ వేసి, కొంచెం చోటొదిలి, ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలెట్టేవాళ్ళం కదా, అచ్చం అదే. ఈ పద్ధతి 1982లో ఆర్‌ఎఫ్‌సీ 822 అనే ఇంటర్నెట్ నియమాల డాక్యుమెంట్‌లో రాసి పెట్టారు, 2001లో ఒకసారి, 2008లో ఇంకోసారి తిరగరాశారు, ఇప్పుడు నడుస్తున్నది 5322 నంబరుది. నలభై ఏళ్ళు దాటినా అస్థిపంజరం మారలేదు.

మావయ్య మెయిల్‌లో సబ్జెక్ట్ ఒక లైను కాదు, మూడు లైన్లుంది. పొడుగు హెడర్ ఒక్క లైన్లో పట్టకపోతే విరిచి కింద లైన్లో వెయ్యొచ్చు, కాకపోతే ఆ కింద లైను ముందు ఒక స్పేస్ వదలాలి, ముందు స్పేస్ ఉందంటే ఇది కొత్త హెడర్ కాదు పై దానికి కొనసాగింపు అని అర్థం. ఇది చెప్పబోతుంటే ఆయనే అందుకున్నారు, ‘సీస పద్యం పాదం పేజీలో పట్టకపోతే రెండో సగాన్ని కింద లోపలికి జరిపి వేస్తారు, లోపలికి జరిగింది కాబట్టి అది కొత్త పాదం కాదు, అంతేగా’ అని. అంతే మావయ్యా. ఎనభై దగ్గర పడ్డ మనిషికి అర నిమిషంలో అర్థమైన విషయం ఆ ఆఫీసు ప్రోగ్రాముకి తెలీదు. అది సబ్జెక్ట్ అని మొదలయ్యే లైను ఒక్కటి పట్టుకుని మిగతా రెండు లైన్లూ వదిలేసింది. పట్టుకున్న ఆ ఒక్కటి కూడా విప్పకుండా ఉన్నదున్నట్టు జవాబులో అతికించింది.

విప్పడం అంటే ఏంటో కూడా చెప్తాను, ఇక్కడే మన తెలుగు వాళ్ళకి పని పడుతుంది. మెయిల్ పుట్టింది ఇంగ్లిష్ కోసం, ఏడు బిట్ల ఆస్కీ అనే ఇంగ్లిష్ గుర్తుల పట్టికలో, మొత్తం 128 గుర్తులు, అంతకు మించి హెడర్లో ఏం పెట్టినా దారిలో ఏదో ఒక సర్వరు పాడు చేసేది. 1992లో నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు మైమ్ అనే పద్ధతి తెచ్చారు, పాత సర్వర్లని ముట్టుకోకుండా మిగతా భాషలూ ఫొటోలూ పాటలూ అన్నిటినీ మామూలు ఇంగ్లిష్ అక్షరాల వేషం వేసి పంపించే ఏర్పాటు అన్నమాట. 1996లో ఆ నియమాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 2045 నుంచి 2049 దాకా అయిదు డాక్యుమెంట్లుగా కుదురుకున్నాయి. హెడర్లలో వేరే భాషలు ఎలా పెట్టాలో చెప్పేది 2047.

యూటీఎఫ్ 8 అంటే యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా, అంటే ఎనిమిదేసి బిట్ల ముక్కలుగా, రాసే పద్ధతి, అందులో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు. బేస్64 అనే వేషంలో మూడు బైట్లకి నాలుగు ఇంగ్లిష్ గుర్తులు. అక్షరం అంటే ఇక్కడ మనం బడిలో చెప్పుకునే అక్షరం కాదు, హల్లు వేరు, దాని గుణింతం వేరు, పొల్లు వేరు. ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒక్కటే, కంప్యూటర్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పద్దెనిమిది బైట్లు, బేస్64లో ఇరవై నాలుగు గుర్తులు. కోటెడ్ ప్రింటబుల్ అని ఇంకో వేషం ఉంది, అది దాదాపు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసుకునే భాషలకి బాగుంటుంది, మనకి మాత్రం గుదిబండ, ఒక్కో బైటుకి మూడు గుర్తులు తింటుంది, అదే ‘స్త్రీ’ అందులో యాభై నాలుగు. లైనుకి 76 గుర్తులే ఉండాలి కాబట్టి దాంట్లో ఒక లైనుకి ఎనిమిది తెలుగు గుర్తుల కంటే పట్టవు.

కొన్నాళ్ళు ఈ పనిలో ఉంటే విప్పకుండానే కళ్ళకి తెలిసిపోతుంది అది తెలుగని. బేస్64లో తెలుగు మాట మొదలైతే ప్రతి నాలుగు గుర్తుల్లోనూ మొదట 4, ఎల్, సి అనో లేకపోతే 4, ఎల్, జి అనో వస్తూ ఉంటుంది, మధ్యలో స్పేస్ వస్తే ఆ వరస చెదిరిపోతుంది (స్పేస్ ఒక్క బైటే కదా), మూడు స్పేస్‌లు అయ్యేసరికి మళ్ళీ వరసలోకి వస్తుంది. మావయ్య సబ్జెక్టులో చూపించాను, ‘మా’ దగ్గర ఆ వరస ఉంది, ‘వీధి’, ‘నీళ్ళ’ దగ్గర లేదు, ‘పైప’ దగ్గర మళ్ళీ వచ్చింది. గణ విభజన చేసినంత సంబరపడ్డారు.

ఇంక బాడీ సంగతి. అది ఇంకా ఘోరం. ఫోన్లోంచో జీమెయిల్లోంచో పంపే మామూలు మెయిల్‌లో కూడా సాధారణంగా ఉత్తరం ఒక్కసారి కాదు రెండుసార్లుంటుంది, ఒకటి సాదా టెక్స్ట్, ఒకటి రంగులూ అమరికా ఉండే హెచ్‌టీఎమ్‌ఎల్. క్యారేజీలో ఒకే కూర రెండు గిన్నెల్లో పెట్టి ఉప్పు లేనిది తాతగారికి, ఉప్పున్నది మిగతావాళ్ళకి అన్నట్టు, తీసుకునే ప్రోగ్రాము తనకి ఏది సరిపడితే అది తీసుకుంటుంది. గిన్నెకీ గిన్నెకీ మధ్య బౌండరీ అని ఒక పొడుగాటి లైను, ప్రతి గిన్నె పైనా మళ్ళీ దాని సొంత హెడర్లు, ఇందులో ఏ వేషంలో ఏముందో చెప్పేవి. ఫొటో జత చేస్తే ఈ క్యారేజీ మొత్తం ఇంకో పెద్ద డబ్బాలోకి వెళ్తుంది. అందుకని మొదటి ఖాళీ లైను తర్వాత ఉన్నదంతా ఉత్తరమే అనుకునే ప్రోగ్రాముకి ముందు చేతికి తగిలేది కూర కాదు, క్యారేజీ కొక్కెం.

ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లో కంప్లైంట్ నంబరు కొడితే వివరాలు కనిపిస్తాయి, కొట్టి చూశాం. రెండు అడ్డగీతలు, వరసగా సున్నాలు, ఇంకేవో అంకెలు, కంటెంట్ టైపు, ఆ కింద బేస్64 ముద్ద. అక్కడ కూర్చున్న గుమస్తా తప్పేం లేదు, పాపం ఆయన ఏం చదువుతాడు? కానీ ఆ ముద్దలోనే మావయ్య ఉత్తరం ఉంది! కాపీ చేసి విప్పాను. వాళ్ళ డేటాబేస్‌లో ఆ గడికి వెయ్యి అక్షరాలే పెట్టినట్టున్నారు, కొక్కేలూ హెడర్లూ పోను మిగిలినదాంట్లో పట్టింది రెండొందల చిల్లర తెలుగు గుర్తులు. అందులో ఏముందీ అంటే, ‘గౌరవనీయులైన అధికారి గారి సముఖమునకు, ఫలానా వీధి కాపురస్తుడు, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు వినయపూర్వకముగా వ్రాసుకొను విన్నపము ఏమనగా’. అక్కడ ఆగిపోయింది. ఏమనగా తర్వాత ఏమీ లేదు. మర్యాదకే కోటా అయిపోయింది.

సరే, నేను ఊరుకోకుండా వాళ్ళ టెక్నికల్ వాళ్ళకి వివరంగా రాశాను, ఏం తప్పో ఎలా దిద్దాలో. ఇంగ్లిష్‌లో రాశాను లెండి, తెలుగులో రాస్తే ఏమవుతుందో తెలుసు కదా. రెండు వారాల తర్వాత దిద్దాం మళ్ళీ పంపండి అన్నారు, మెచ్చుకోవాలి, చాలామంది జవాబు కూడా ఇవ్వరు. మావయ్య మళ్ళీ పంపారు, అదే సబ్జెక్టు. ఈసారి తెలుగులోనే జవాబొచ్చింది:

‘మా వీధి నీళ్ళ పైప ు పగిలి పది రోజుల ైంది’.

మీరు అచ్చు వేసేటప్పుడు దయచేసి ఆ ఖాళీలు సర్దెయ్యకండి, అవే ఈ ఉత్తరానికి అసలు సాక్ష్యం. పైపు నుంచి కొమ్ము ఊడిపోయి చుక్కల గుండ్రం మీద ఒంటరిగా వేలాడుతోంది, రోజులైంది లోంచి ఐత్వం విడిపోయింది. ‘పైపు పగిలిందిరా బాబూ అంటే వీళ్ళు దాని కొమ్ము కూడా విరగ్గొట్టారు’ అన్నారు మావయ్య.

ఎందుకలా అయిందంటే, హెడర్లో ఒక్కో వేషం ముక్క 75 గుర్తులకి మించకూడదని రూలు. ముక్కకి ముందూ వెనకా ఉండే గుర్తులకే పన్నెండు పోతాయి, మిగిలిన 63లో నాలుగేసి చొప్పున 60 వాడుకుంటే 45 బైట్లు, అంటే స్పేస్‌లు లేకపోతే పదిహేను తెలుగు గుర్తులు. మావయ్య సబ్జెక్టు లెక్కేస్తే ‘మా వీధి నీళ్ళ పైప’ దగ్గరికి సరిగ్గా 45 బైట్లు నిండాయి, కొమ్ము రెండో ముక్కలోకి వెళ్ళింది, రెండో ముక్క కూడా ‘రోజుల’ దగ్గర సరిగ్గా 45కి నిండింది, ఐత్వం మూడోదాంట్లోకి వెళ్ళింది. అలా విరవడం తప్పు కాదు. పంపినవాళ్ళ వైపు అంతా రూలు ప్రకారమే జరిగింది. తీసుకునేవాళ్ళు ముక్కల మధ్య ఉన్న స్పేస్‌ని లేనట్టే లెక్కేసి అతికించాలి అని ఆ 2047లోనే ఉంది. వీళ్ళ ప్రోగ్రాము ఒక్కో ముక్కనీ విడిగా విప్పి మధ్యలో స్పేస్ పెట్టి కలిపింది. ఇంగ్లిష్ వాళ్ళకి ఇలాంటి బగ్ అసలు కనపడదు, ఎందుకంటే వాళ్ళ సబ్జెక్టు మామూలుగా వేషమే వెయ్యదు, ముక్కలే ఉండవు. వేషం వేసే ఫ్రెంచ్ వాళ్ళకి కూడా మహా అయితే మాట మధ్యలో ఒక ఖాళీ వస్తుంది, చదువుకోగలరు. మనకైతే గుణింతమే ఊడి వస్తుంది. కొన్ని పంపే ప్రోగ్రాములు ఇంకా ఘోరం, మూడు బైట్ల అక్షరాన్ని ఒక బైటు దగ్గర నరికి రెండు ముక్కల్లో పెడతాయి, రూలు ఒప్పుకోకపోయినా సరే, అప్పుడు బైట్లన్నీ ముందు కలుపుకుని ఆ తర్వాత అక్షరాలుగా మార్చుకుంటే తప్ప ప్రశ్న గుర్తున్న వజ్రం బొమ్మలు మిగులుతాయి.

వాళ్ళనొక్కళ్ళనే అనడం న్యాయం కాదు, నా కథ కూడా ఉంది. 2009లో మొదటి ఉద్యోగంలో నేనూ ఇదే చేశాను. ఒక క్లయింటు పాత మెయిల్స్ అన్నీ ఎంబాక్స్ ఫైళ్ళలో ఇచ్చాడు. ఎంబాక్స్ అంటే వేల మెయిల్స్ ఒకదాని కింద ఒకటి పేర్చిన ఒకే ఒక టెక్స్ట్ ఫైలు, ఎక్కడ కొత్త మెయిల్ మొదలవుతుందో చెప్పడానికి లైను మొదట్లో ‘ఫ్రమ్’ అనే మాట, స్పేస్, అడ్రసు, తేదీ ఉంటాయి. (ఇప్పటికీ గూగుల్ టేకౌట్‌లో మీ జీమెయిల్ దించుకుంటే ఇదే వస్తుంది.) నేను ‘ఫ్రమ్’, స్పేస్‌తో లైను మొదలైతే చాలు కొత్త మెయిల్ అని కోసేశాను. ఎవరో ఇంగ్లిష్‌లో ‘ఫ్రమ్ విజయవాడ ఆన్‌వర్డ్స్’ అని పేరా మొదలెట్టారు, అక్కడ ఉత్తరం తెగి కింద సగం ఎవరూ రాయని కొత్త మెయిల్ అయిపోయింది, తేదీ లేదు, పంపినవాళ్ళు లేరు. అలాంటి అనాథలు మూడొందలు పైనే తేలాయి. పాత మెయిల్స్‌లో కొన్నిచోట్ల ‘ఫ్రమ్’ ముందు ఒక బాణం గుర్తు కనిపిస్తుంది చూశారా, అది ఎవరో ఈ ప్రమాదం తెలిసి ముందే పెట్టిన కాపలా. నేను ఆ బాణాన్ని కూడా తీసెయ్యకుండా వదిలేశాను, అది వేరే కథ.

అదే ప్రోగ్రాములో ఇంకో ఘనకార్యం. మెయిల్‌లో లైను చివర ఒక గుర్తు కాదు రెండుంటాయి, సీఆర్ (క్యారేజ్ రిటర్న్), ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్) అని, టైప్‌రైటర్ కాలం నాటివి. ఖాళీ లైను కోసం నేను వరసగా రెండు ఎల్ఎఫ్‌లు వెతికాను. రెండు ఎల్ఎఫ్‌ల మధ్య ఒక సీఆర్ ఉంది కాబట్టి అవి ఎప్పటికీ పక్కపక్కన రావు. మొత్తం మెయిల్ హెడరే అనుకుంది నా కోడ్. లీనక్స్‌లో సేవ్ చేసిన ఫైళ్ళకి బ్రహ్మాండంగా పని చేసింది, సర్వరు నుంచి నేరుగా వచ్చినవాటికి ఒక్కదానికీ చెయ్యలేదు. మా టీమ్ లీడర్ రాత్రి పదకొండింటికి మాట్లాడిన మాటలు మీ పత్రికలో వెయ్యలేరు.

పేర్ల సంగతి ఒకటి చెప్పి తీరాలి. మనవాళ్ళకి పేరు పక్కన డిగ్రీలు పెట్టుకోవడం అలవాటు, మావయ్య కూడా మెయిల్ సెట్టింగ్స్‌లో పేరు తర్వాత కామా ఎం.ఏ. కామా బి.ఎడ్. అని పెట్టుకున్నారు. మెయిల్‌లో కామా అంటే అడ్రసుకీ అడ్రసుకీ మధ్య హద్దు. పేరులో కామా ఉంటే కోట్స్‌లో పెడతారు, తెలుగు పేరైతే బేస్64 వేషంలో కామా దాక్కుంటుంది, రెండూ క్షేమమే. కానీ కొంతమంది ముందు వేషం విప్పేసి ఆ తర్వాత కామాల దగ్గర కోస్తారు. అప్పుడు దాక్కున్న కామాలు బయటికొచ్చి ఒక మనిషి ముగ్గురవుతాడు, మావయ్య ఒకరు, ఎం.ఏ. ఒకరు, బి.ఎడ్. ఒకరు. ముందు కోసి తర్వాత విప్పాలి, ఈ వరస తిరగబడకూడదు. నవ్వులాటకే కాదు, మోసగాళ్ళు కూడా ఈ సందులోంచే దూరతారు, పేరున్న చోట వేషం వేసి ఇంకెవరి అడ్రసో దాచి పెడితే వరస తప్పిన ప్రోగ్రాము దాన్నే అసలు అడ్రసు అనుకుంటుంది.

అసలు ఇవన్నీ ఎవరూ చేత్తో రాయక్కర్లేదండీ, నా బాధ అదే. పైథాన్‌లో ఈమెయిల్ అనే మాడ్యూల్ భాషతో పాటే ఉచితంగా వస్తుంది, జావా వాళ్ళకి జకార్తా మెయిల్ ఉంది, డాట్‌నెట్ వాళ్ళకి మైమ్‌కిట్ ఉంది. ఏళ్ళ తరబడి జనం దెబ్బలు తిని దిద్దుకుంటూ వచ్చిన కోడ్ అది. అయినా అందులోనూ రెండు గోతులున్నాయి, మన కుర్రాళ్ళు పడేవి. ఒకటి, పైథాన్‌లో పాలసీ అనే సెట్టింగ్ డిఫాల్ట్ అని ప్రత్యేకంగా ఇవ్వకపోతే అది పాత కాలం పద్ధతిలో నడుస్తుంది, సబ్జెక్టు అడిగితే వేషం విప్పకుండానే చేతిలో పెడుతుంది. అడక్కుండా వచ్చేదాని పేరు డిఫాల్ట్ కాకపోవడం ఏంటో వాళ్ళనే అడగాలి. రెండోది, ఫైలుని టెక్స్ట్‌గా తెరిచి స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇవ్వడం. మెయిల్ టెక్స్ట్ లాగే కనిపిస్తుంది కానీ లోపల ఒక్కో గిన్నె ఒక్కో ఎన్‌కోడింగ్‌లో ఉండొచ్చు, కాబట్టి బైట్లుగా తెరిచి బైట్లుగానే అందించాలి, దానికి విడిగా ఫంక్షన్ ఉంది. అలా చెయ్యకుండా విండోస్ సొంత ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే, ప్రోగ్రాము ఎర్రరిచ్చి ఆగిపోకపోతే, వేషం లేకుండా వచ్చిన తెలుగంతా ఇంగ్లిష్ చిన్న ఏ మీద వాలుగీత, దాని పక్కన డిగ్రీల సున్నా, మధ్య మధ్యలో ప్లస్ మైనస్ గుర్తు, ఇలా వస్తుంది. మీ ఆఫీసులో కూడా చూసే ఉంటారు. ఎక్కడైనా ఆ ఏ, ఆ సున్నా జంటగా పదే పదే కనిపిస్తే అది చెడిపోయిన ఫైలు కాదు, తెలుగే, తప్పు కళ్ళద్దాల్లోంచి చూస్తున్నారు అంతే.

ఇంకోటి, వచ్చిన మెయిల్‌ని వచ్చినట్టు ఒక కాపీ దాచుకోవాలి, ఒక్క బైటు మారకుండా. ఆ ఆఫీసు వాళ్ళు వెయ్యి అక్షరాలు ఉంచుకుని మిగతాది పారేశారు, అందుకే దిద్దిన ప్రోగ్రాముతో మళ్ళీ చదివించడానికి అసలు లేకుండా పోయింది, మావయ్య రెండోసారి గంటసేపు టైప్ చెయ్యాల్సొచ్చింది. ఇది సౌకర్యం సంగతి మాత్రమే కాదు. సమాచార హక్కు చట్టం 2(ఎఫ్)లో సమాచారం అంటే ఏమేంటో చెప్పే చోట ఈ-మెయిల్స్ అని పేరు పెట్టి రాశారు 2005లోనే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ (ఫైలు మొత్తం మీద లెక్కేసి తీసే వేలిముద్ర లాంటి సంఖ్య) వెయ్యాలి, ఒక స్పేస్ మారినా ఆ హ్యాష్ మారిపోతుంది. ప్రింటు తీసి స్కాన్ చేసిన కాగితంలో ఏ సర్వరు ఏ టైముకి చేతులు మార్చిందో చెప్పే రిసీవ్డ్ లైన్లు ఉండవు (వాటిని కింద నుంచి పైకి చదవాలి, ఎవరికైనా దొంగ మెయిల్ వస్తే పనికొస్తుంది, అన్నిటికంటే కింద ఉండేది మొదటిది, అయితే మీ సర్వరు వేసినవి తప్ప మిగతావి మోసగాడే రాసి ఉండొచ్చు).

మీ యూనికోడ్ లైను దగ్గరికి వస్తాను. అది తియ్యకండి. డీటీపీ చేసే చాలామంది ఇంకా అను ఫాంట్లలో టైప్ చేసి మెయిల్‌లో అతికించి పంపుతున్నారు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గళ్ళలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, కంప్యూటర్‌కి అది తెలుగని తెలిసే దారే లేదు, ఇంగ్లిష్ అక్షరాలూ పిచ్చి గుర్తులూ అనుకుంటుంది. అలాంటి మెయిల్‌ని ఎంత మంచి పార్సరైనా రూలు ప్రకారం విప్పి చేతిలో పెడుతుంది, అయినా చదవలేం, ఆ ఫాంటు మన దగ్గర ఉంటే తప్ప. దానికి వేరే కన్వర్టర్లున్నాయి, అది మెయిల్ బాధ కాదు.

ఆఫీసులకీ వాటికి సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కాంట్రాక్టర్లకీ నేను అడిగేది పెద్దదేం కాదు. టెస్టింగ్ అంటే ‘హలో, టెస్ట్ మెయిల్’ అని ఇంగ్లిష్‌లో ఒకటి పంపి టిక్కు పెట్టుకోవద్దు. పొడుగు తెలుగు సబ్జెక్టుతో ఒకటి, ఫొటో జత చేసింది ఒకటి, పేరులో డిగ్రీలున్నవాళ్ళది ఒకటి, ఫార్వర్డ్ చేసింది ఒకటి, ఐఫోన్ నుంచి ఒకటి, ఔట్‌లుక్ నుంచి ఒకటి, ఒక పూట పని. టెండర్ కాగితాల్లో ‘తెలుగు సపోర్ట్ ఉండాలి’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు, దాని బదులు ఇలాంటి పది మెయిల్స్ జత చేసి ఇవి సరిగ్గా కనపడితేనే బిల్లు పాస్ అంటే సరిపోతుంది.

దానికి మొదటి మెయిల్‌గా మావయ్యది ఇస్తానన్నాను, పైపు కొమ్ము సరిగ్గా ముక్క చివర పడ్డ మెయిల్ కావాలని వెతికినా దొరకదు. అడ్రసులు తీసేసి ఎవరడిగినా పంపిస్తాను. ఆయనా ఒప్పుకున్నారు, కాకపోతే ఒక షరతు. విన్నపంలో రెండో పేరాలో కంగారులో ఒక వత్తు తప్పు పడిందట, మాస్టారి పేరు మీద అలాంటిది ఊరంతా తిరగడానికి వీల్లేదు, దిద్ది ఇవ్వమంటున్నారు. దిద్దితే అది వచ్చింది వచ్చినట్టు ఎలా అవుతుంది మావయ్యా అంటే, తప్పుని తప్పులా దాచే చదువేంట్రా మీది అంటున్నారు. వారం నుంచి మా మధ్య ఇదే నడుస్తోంది. పైపు మాత్రం పక్కింటాయన ప్లంబర్ని తెచ్చి వేయించాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కాకినాడ